మీ కుక్క పడుకునే చోటు నుంచి మొదలుపెట్టండి: వేసవికి కాటేజ్ లాంటి ఇల్లు

మా కుక్క చిట్టికి ఇప్పుడు 9 ఏళ్లు. ఎండలు ముదిరాయంటే చాలు, తన మెత్తటి బెడ్ వైపు కన్నెత్తి కూడా చూడదు. పొద్దున బాత్రూమ్ తలుపు ముందు, పదకొండింటికి వంటింటి గడప పక్కన, మధ్యాహ్నం డైనింగ్ టేబుల్ కింద, పొద్దు వాలాక వరండా మెట్టు మీద, ఇలా ఇల్లంతా మారుతూ పడుకుంటుంది. చాలా ఏళ్లు ఇది దాని అలవాటు అనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం దాని పక్కనే నేల మీద వాలి చూశాను, అప్పుడు తెలిసింది, ఆ టైంలో ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉన్న చోటు అదే.

నాకు కాటేజ్ స్టైల్ ఇల్లంటే ప్రాణం. పాత చెక్క బల్లలు, ఉతికి ఉతికి వెలిసిన పూల కవర్లు, గాలికి ఊగే పల్చటి నూలు కర్టెన్లు, కిటికీలో ఒక సీసా, అందులో రెండు పూలకొమ్మలు. కుక్క ఉన్న ఇంట్లో ఇవన్నీ కుదరవని చాలామంది అంటుంటారు కానీ నేను ఒప్పుకోను. అసలు ఈ పద్ధతి పుట్టిందే ఇంగ్లండ్ పల్లెల్లో, కాయకష్టం చేసుకునే వాళ్ల చిన్న ఇళ్లలో. కూరగాయల పక్కనే పూలు, బురద కాళ్లతో లోపలికి వచ్చే మనుషులు, పొయ్యి పక్కన కుక్క. దాన్ని అందంగా తీర్చిదిద్ది పెద్ద తోటల దాకా తీసుకెళ్లిన గెర్ట్రూడ్ జెకిల్ (1843–1932) అనే ఇంగ్లిష్ తోటల డిజైనర్ లాంటి వాళ్లు తర్వాత వచ్చారు. కాబట్టి కుక్క వెంట్రుకలు పడితే పాడైపోయే ఇల్లు నా లెక్కలో కాటేజ్ ఇల్లే కాదు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, షాపులో కాదు, ఫోన్‌లో ఫొటోలు చూస్తూ కూడా కాదు. మీ కుక్క ఎక్కడ పడుకుంటోందో అక్కడ.

1. మూడు రోజులు ఏమీ కొనకండి, చూడండి చాలు

ఒక కాగితం మీద ఇంటి ప్లాన్ పెన్సిల్‌తో గీయండి, వంకరగా వచ్చినా ఫర్వాలేదు. మూడు రోజుల పాటు మీ కుక్క ఏ టైంకి ఎక్కడ పడుకుందో అక్కడ ఒక చుక్క పెట్టి పక్కన టైం రాయండి. మూడో రోజుకల్లా చుక్కలు నాలుగైదు చోట్ల గుంపుగా కనిపిస్తాయి. మీరు సర్దాల్సినవి ఆ నాలుగైదు చోట్లే, ఇల్లంతా కాదు.

తర్వాత ఆ ఒక్కో చోటుకీ వెళ్లి, అది పడుకునే టైంలోనే, మీరూ నేల మీద ఐదు నిమిషాలు పడుకోండి. ఇది మాత్రం మానకండి. నిలబడి చూసినప్పుడు కనిపించనివి కింద నుంచి కనిపిస్తాయి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ సరిగ్గా కళ్లలో కొడుతుంటుంది, టేబుల్ ల్యాంప్ వైరు నోటికి అందేంత దగ్గర్లో వేలాడుతుంటుంది, ఫ్రిజ్ వెనక నుంచి వేడిగాలి వస్తుంటుంది. మా ఇంట్లో తలుపు సందులోంచి నేలబారుగా చక్కటి గాలి వస్తోందని, దానికి అడ్డంగా చెప్పుల స్టాండ్ పెట్టుకున్నామని నాకు అలాగే తెలిసింది. స్టాండ్ జరిపాను, అంతే, ఆ రోజు నుంచి అది చిట్టి చోటైపోయింది.

2. ఎండని కిటికీ బయటే ఆపండి

ముందు కుక్క ఒళ్లు ఎలా చల్లబడుతుందో తెలుసుకుంటే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది, గాలి తగిలితే ఆ చెమట ఆవిరై హాయిగా ఉంటుంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్ల మెత్తల దగ్గరే, అదీ చాలా కొద్దిగా. అసలు పనంతా రొప్పడంతోనే, అంటే నాలుక మీద, నోట్లో, ముక్కులో ఉన్న తడి ఆవిరి కావడంతోనే జరుగుతుంది. అందుకే ఫ్యాన్ కింద మనకు హాయిగా ఉంది కాబట్టి దానికీ అలాగే ఉంటుందనుకోవడం పొరపాటు. పొడి బొచ్చు మీద ఫ్యాన్ గాలి అంత పని చేయదు. అదే పొట్ట, కాళ్లు, చంకలు తడిపి ఫ్యాన్ వేస్తే బాగా పని చేస్తుంది.

ఇంకోటి, గాలిలో తేమ ఎక్కువగా ఉంటే నోట్లో తడి తొందరగా ఆవిరి కాదు. అందుకని ఉక్కపోతగా ఉన్న రోజు తలుపులన్నీ మూసేసి నీళ్ల కూలర్ వేస్తే గదిలో తేమ ఇంకా పెరిగి కుక్కకు మరింత కష్టమవుతుంది. కూలర్ వాడేటప్పుడు ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచండి, ఉక్క మరీ ఎక్కువైతే కూలర్ నీళ్లు ఆపి గాలి మాత్రమే వదలండి, ఏసీ ఉంటే ఆ రోజు ఏసీనే మంచిది. పగ్, బుల్‌డాగ్, బాక్సర్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు గాలి పీల్చే దారే ఇరుకు, రొప్పినా సరిగ్గా చల్లబడవు. లావెక్కిన కుక్కలు, ముసలి కుక్కలు, దట్టమైన బొచ్చున్నవీ అంతే. మీది ఈ కోవలోది అయితే ఈ సెక్షన్ రెండుసార్లు చదవండి.

ఇప్పుడు కిటికీల సంగతి. తూర్పు కిటికీలు పొద్దున, పడమటి కిటికీలు మధ్యాహ్నం నుంచి మూసి ఉంచండి. రాత్రి బయట చల్లబడ్డాక ఎదురెదురు కిటికీలు తెరిచి ఇంట్లో పేరుకున్న వేడిని బయటికి పంపేయండి. లోపల వేసే కర్టెన్ కన్నా కిటికీ బయట కట్టే నీడ చాలా ఎక్కువ పని చేస్తుంది, ఎందుకంటే ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక వేడి సగం ఇంట్లోకి వచ్చేసినట్టే. కాటేజ్ ఇంటి అందం కూడా ఇక్కడ కలిసొస్తుంది. కిటికీ బయట చెక్క తలుపు రెక్కలు, వెదురు తడికె, పందిరి మీదికి పాకిన మల్లె తీగ, వీటిలో ఏది పెట్టినా ఎండ ఆగుతుంది, చూడటానికీ బాగుంటుంది. లోపల మాత్రం తెల్లటి లేదా లేత రంగు నూలు కర్టెన్లు వేయండి. అంచు నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో ఆగాలి. నేలమీద జీరాడే కర్టెన్ ఫొటోలో బాగుంటుంది కానీ కుక్క దాని మీదే పడుకుంటుంది, కింద నుంచి వచ్చే గాలికీ అది అడ్డమే.

3. నేల, బట్ట, పడక

వేసవిలో రగ్గులు చుట్టి లోపల పెట్టేయండి. కుక్క పొట్ట కింద బొచ్చు పల్చగా ఉంటుంది, చల్లటి రాయి మీదో టైల్స్ మీదో పొట్ట ఆనించి పడుకుంటే ఒంట్లో వేడి నేరుగా నేలలోకి పోతుంది. అది బెడ్ వదిలేసేది అందుకే. నేల ఖాళీగా ఉంటే ఇల్లు బోసిపోయినట్టు అనిపిస్తుందని కొందరు బాధపడతారు, నాకైతే ఎండాకాలంలో తుడిచి ఆరిన ఖాళీ నేలే అన్నిటికన్నా అందంగా కనిపిస్తుంది.

ఒక్క మినహాయింపు ఉంది. ముసలి కుక్కలకు నున్నటి టైల్స్ మీద కాళ్లు జారతాయి, లేవబోయి జారితే కీళ్ల నొప్పులు పెరుగుతాయి, మెల్లమెల్లగా లేవడానికే భయపడతాయి. వాటికి పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి వాకిలి దాకా సన్నటి నూలు దుర్రీలు (జంపఖానాలు) ఒక దారిలా పరవండి, అడుగున జారని రబ్బరు జాలీ తప్పనిసరిగా వేయండి. చిట్టికి ఈ ఏడాది నుంచే అలా పరిచాను. లేత నీలం చారల దుర్రీ, వారానికోసారి ఉతికేస్తున్నాను.

నీలమే ఎందుకంటే దానికో కారణం ఉంది. కుక్కల కంటికి నీలం, పసుపు బాగా తెలుస్తాయి, ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగ్గా తెలియదు. పచ్చగడ్డిలో ఎర్ర బంతి వేస్తే ముక్కుతో వెతుక్కుంటుంది తప్ప కంటికి వెంటనే ఆనదు. దుర్రీ అంచు, మెట్టు అంచు, నీళ్ల గిన్నె కింద వేసే బట్ట నీలమో పసుపో అయితే చూపు మందగించిన కుక్కకు కొంచెం ఆసరాగా ఉంటుంది. కాటేజ్ ఇంటికి ఈ రెండు రంగులూ ఎలాగూ బాగా నప్పుతాయి.

సోఫాకి, కుషన్లకి విప్పి ఉతుక్కునే కవర్లే కుట్టించండి. నూలు, లినెన్, పాత దుప్పట్లు, ఏదైనా సరే, నేత గట్టిగా దగ్గరగా ఉండాలి. పైకి పోగులు లేచి ఉండే టర్కీ టవల్ లాంటి బట్ట, వదులు నేత బట్ట వద్దు, గోరు తగులుకుంటే బట్టా పోతుంది, ఒక్కోసారి గోరూ చీలుతుంది. మందపాటి వెల్వెట్ వేసవిలో మనిషికే ఉక్క. చిన్న పూల ప్రింటు, గళ్లు ఉంటే వెంట్రుకలు, మరకలు అంతగా కనబడవు. నేను ఒక అడుగు ముందుకెళ్లి కవర్ల రంగు చిట్టి బొచ్చు రంగుకి దగ్గరగా, లేత గోధుమ రంగులో తీసుకున్నాను. ప్రతి కవరుకీ రెండో జత ఉండాలి, ఒకటి ఉతుకులో ఉంటే ఇంకోటి వేయొచ్చు. ఇది ఖర్చే కానీ నా మాట నమ్మండి, ఇంట్లో టెన్షన్ తగ్గించిన వాటిలో ఇదే మొదటిది.

ఇక పడక. మెత్తటి స్పాంజి బెడ్ వేడిని పట్టి ఉంచుతుంది. వేసవికి నేల నుంచి ఒక జానెడు ఎత్తులో, కింద గాలి ఆడేలా, గుడ్డ బిగించిన చిన్న మంచం మంచిది, నవారు మంచాన్ని చిన్నది చేసినట్టు. చెక్క ఫ్రేముకి గట్టి కాన్వాస్ బిగించి ఎవరైనా చేసుకోవచ్చు. కుక్క ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలిచి దానికి ఇంకో జానెడు కలపండి, కాళ్లు చాపుకోడానికి సరిపోతుంది. దాన్ని మీకు బాగుందనిపించిన మూలలో పెట్టకండి, కాగితం మీద చుక్కలు ఎక్కడ ఎక్కువున్నాయో అక్కడ పెట్టండి. ముసలిదై కీళ్ల నొప్పులుంటే మాత్రం పైన పల్చటి బొంత ఒకటి వేయండి.

4. పాత సామాన్లతో జాగ్రత్త

కాటేజ్ స్టైల్ ఇష్టపడే వాళ్లందరికీ పాత సామాన్ల మీద మోజు ఉంటుంది, అక్కడక్కడ రంగు ఊడిన కుర్చీ, ఎవరి ఇంట్లోదో పాత ట్రంకు పెట్టె, అలాంటివి. అందం నిజమే కానీ పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అమెరికాలో ఇళ్లకు వేసే సీసం పెయింట్లను 1978లో నిషేధించారు, మిగతా దేశాల్లో ఒక్కో చోట ఒక్కో కాలంలో ఆపారు. పెచ్చులూడుతున్న పాత కుర్చీ కాలు కుక్కపిల్ల కొరికితే ఆ సీసం నేరుగా పొట్టలోకే వెళుతుంది. మీరే గరుకు కాగితంతో రుద్దితే ఆ పొడి నేలమీద పడుతుంది, అది కుక్క పాదాలకు అంటుతుంది, ఆ పాదాలను కుక్క నాకుతుంది. కాబట్టి రంగు ఊడుతున్న పాత సామాను కుక్కకు అందే చోట పెట్టకండి. రంగు లేని పాత చెక్క తీసుకుని నూనె పట్టించడం అన్నిటికన్నా మంచిది, నూనె తుడిచిన గుడ్డలు మాత్రం కుప్పగా పడేయకుండా విడివిడిగా ఆరేయండి, లిన్సీడ్ నూనె గుడ్డలు కుప్పలో వేడెక్కి వాటంతటవే అంటుకోగలవు.

పాత ట్రంకులో దుప్పట్లు దాచేటప్పుడు కలరా ఉండలు వేస్తుంటారు కదా, ఆ నాఫ్తలీన్ కుక్కలకు విషం. ఒక్క ఉండ దొర్లి మంచం కిందికి పోయినా చాలు. వాటి బదులు దుప్పట్లు ఎండలో బాగా ఆరబెట్టి, దేవదారు చెక్క ముక్కలు వేసి మూత గట్టిగా పెట్టండి. గోడకి సున్నం వేయిస్తుంటే అది పూర్తిగా ఆరేదాకా కుక్కని ఆ గదిలోకి రానివ్వద్దు, తడి సున్నం చర్మాన్ని, కళ్లని కాలుస్తుంది. ఇంట్లో సువాసన కోసం పెట్టే నూనెల్లో టీ ట్రీ ఆయిల్ అసలు వద్దు.

5. నీళ్లు ఒక్క చోట కాదు

మామూలు రోజుల్లోనే కుక్కకు కిలో బరువుకి రోజుకి సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. అంటే 20 కిలోల కుక్కకు లీటరు పైమాటే, ఎండల్లో ఇంకా ఎక్కువ. మీరు గీసిన కాగితం తీసి, ఎక్కువ చుక్కలున్న చోట్లకి దగ్గర్లో ఒక్కో గిన్నె పెట్టండి. ఎండకి బద్ధకంగా పడుకున్న కుక్క లేచి మూడు గదులు దాటి వెళ్లి తాగాలంటే తాగదు.

గిన్నెలు మట్టివి అయితే మరీ మంచిది. రంగు పూత లేని మట్టి గిన్నెలోంచి తడి బయటికి ఊరి ఆవిరవుతుంటుంది, అందుకే లోపలి నీళ్లు చల్లగా ఉంటాయి. చూడటానికీ కాటేజ్ ఇంటికి అంతకన్నా నప్పేది ఇంకోటి లేదు. మెరిసే పూత ఉన్న పాత అలంకారపు గిన్నెలు మాత్రం నీళ్లకి వాడకండి, పూతలో సీసం ఉండొచ్చు. మట్టి గిన్నె సబ్బుని పీల్చుకుంటుంది కనుక రోజూ వేడినీళ్లు పోసి గట్టి బ్రష్‌తో రుద్ది, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎండలో ఆరబెట్టండి. అందుకే ఒక్కో చోటుకీ రెండు గిన్నెలు ఉండాలి. వేలు పెట్టి రుద్దితే జిగటగా తగిలితే దాన్ని కడగనట్టే లెక్క.

6. పూలు: ఇక్కడ ఆగి నెమ్మదిగా చదవండి

కాటేజ్ తోట ఫొటోల్లో పొడుగ్గా గంటల్లాంటి పూలతో నిలబడే ఫాక్స్‌గ్లవ్ చూసే ఉంటారు. 1785లో విలియం వితరింగ్ అనే డాక్టరు గుండె జబ్బు మనుషులకు ఆ మొక్క ఎలా పని చేస్తుందో రాసి ప్రచురించాడు, డిజాక్సిన్ అనే గుండె మందు ఆ జాతి మొక్కల నుంచే వస్తుంది. గుండె కొట్టుకోవడాన్నే మార్చగలిగే ఆ గుణమే కుక్కకు ప్రాణం మీదికి తెస్తుంది. ఆకు, పువ్వు, గింజ అన్నీ విషమే. లిలీ ఆఫ్ ది వ్యాలీ కూడా అలాంటిదే, కోసి సీసాలో పెడితే ఆ సీసాలో నీళ్లు తాగినా ప్రమాదమే. డెల్ఫీనియం, మాంక్స్‌హుడ్, హైడ్రాంజియా, అజేలియా, డాఫడిల్ గడ్డలు, ఇవన్నీ కాటేజ్ తోటల పుస్తకాల్లో, ఫొటోల్లో అందంగా కనిపించే పూలే, ఇవన్నీ కుక్కలకు పడనివే. వాకిట్లో చాలామంది పెంచే గన్నేరు కూడా గుండె మీదే దెబ్బ కొడుతుంది. తాటాకులా విచ్చుకుని కుండీలో నిలబడే సైకస్ మరీ ఘోరం, దాని గింజలు కాలేయాన్ని పాడుచేస్తాయి. కుక్క ఉన్న ఇంట్లో సైకస్ ఉండకూడదు, దీనిమీద నాకు రెండో మాట లేదు. మనీప్లాంట్, డిఫెన్‌బాకియా ఆకులు నమిలితే నోరంతా మండి వాస్తుంది, వాటిని ఎత్తులో వేలాడదీయండి.

నేను మొదటిసారి ఈ లిస్టు చూసుకున్నప్పుడు దిగులేసింది, నా కలల తోటలో సగం మొక్కలు ఇందులోనే ఉన్నాయి. కానీ మిగిలిన సగంతోనే తోట నిండిపోయింది. గులాబీలు, స్నాప్‌డ్రాగన్, జినియా, కాస్మాస్, కార్న్‌ఫ్లవర్, హాలీహాక్, పొద్దుతిరుగుడు, మల్లె, ఇవి కుక్కలకు విషం కావు. ఫాక్స్‌గ్లవ్ ఇచ్చే ఆ పొడుగు గుత్తి అందం స్నాప్‌డ్రాగన్, హాలీహాక్ ఇస్తాయి. వెనక వరసలో పొద్దుతిరుగుడు, మధ్యలో జినియా, ముందు తులసి, రోజ్‌మేరీ, థైమ్ కలిపి పెట్టండి. ఇంట్లోకి స్పైడర్ ప్లాంట్, బోస్టన్ ఫెర్న్, అరెకా పామ్ ధైర్యంగా తెచ్చుకోవచ్చు. గులాబీ ముళ్లు మాత్రం కుక్క కంటి ఎత్తులో లేకుండా కత్తిరించండి. విషం కాని మొక్కయినా కడుపునిండా తింటే వాంతి అవుతుంది, అది వేరే సంగతి.

మొక్కల కన్నా మట్టిలో వేసేవి ఇంకా చూసుకోవాలి. మట్టి మీద పరిచే కోకో పొట్టు (మల్చ్) చాక్లెట్ వాసన వస్తుంది, చాక్లెట్‌లో ఉండే, కుక్కలకు విషమైన థియోబ్రోమిన్ అందులోనూ ఉంటుంది కాబట్టి వేయొద్దు. నత్తల కోసం చల్లే మెటాల్డిహైడ్ గుళికలు కుక్కలకు మూర్ఛలు తెప్పిస్తాయి. ఎముకల పొడి ఎరువుగా వేస్తే వాసనకి తవ్వి తినేస్తుంది, అది పొట్టలో ముద్ద కట్టగలదు. బాగా మగ్గిన ఆకుల కంపోస్టు చాలు, దాని కుప్ప చుట్టూ మాత్రం కంచె కట్టండి, బూజు పట్టిన చెత్త తిన్నా ప్రమాదమే.

ఇంకో చిన్న విషయం. కుక్కకు తోటలో ఒక దారి ఉంటుంది, రోజూ గేటు దాకా ఏ గీత మీద పరుగెడుతుందో ఆ గీతే మళ్లీ మళ్లీ తొక్కుతుంది. అక్కడ మొక్కలు పెట్టి, తొక్కేసిందని కోప్పడకండి. ఆ గీత మీదే రాళ్లు పరిచి దారి చేసేయండి, రెండు వైపులా మొక్కలు వేయండి. వంపు తిరిగిన ఆ దారి మీరు ఎంత ఆలోచించి గీసినా రాదు. తవ్వే అలవాటుంటే నీడలో ఒక మూల ఇసుక నింపి అందులో బొమ్మలు పాతిపెట్టి అదే దాని చోటని చూపించండి, పైన నీళ్లు చల్లితే మధ్యాహ్నం అందులోనే పడుకుంటుంది.

7. రోజు ఎలా గడపాలి

నడక పొద్దు పొడవక ముందే అయిపోవాలి. సాయంత్రం ఎండ పోయిందని వెంటనే బయల్దేరకండి, తారురోడ్డు వేడిని చాలాసేపు దాచుకుంటుంది. మీ అరచేతి వెనక వైపు రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచండి, ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు. ఒక రోజు నడక లేకపోతే కుక్కకేమీ కాదు, వేడిలో నడిపిస్తే అవుతుంది.

నడక తగ్గినప్పుడు ముక్కుకి పని పెట్టండి, పదిహేను నిమిషాల వెతుకులాట చాలా కుక్కలకి నడకంత అలసటనిస్తుంది. పాత టవల్‌లో దాని తిండి గింజలు చల్లి చుట్ట చుట్టి ఇవ్వండి. ఖాళీ అట్టపెట్టెలు నాలుగు పెట్టి ఒకదాంట్లో దాచండి. పూలకుండీలు మూడు బోర్లించి ఒకదాని కింద పెట్టండి, మట్టి కుండీల మధ్య ముక్కు పెట్టి వెతుకుతుంటే చూడటం నాకు ఈ వేసవిలో అన్నిటికన్నా ఇష్టమైన పని.

మధ్యాహ్నానికి ఏదైనా చల్లటిది ఇవ్వాలంటే గింజలు తీసిన పుచ్చకాయ ముక్కలు, లేదా ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన మాంసం నీళ్లు పల్చటి ప్లేటులో గడ్డకట్టించి నాకనివ్వండి. పీనట్ బటర్ వాడితే డబ్బా మీద జైలిటాల్ అని ఉందేమో చూడండి, బర్చ్ షుగర్ అని రాసినా అదే, ఆ తీపి కుక్కకు కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ అస్సలు వద్దు. గట్టి ఐసు ముక్కలు కొరికితే పళ్లు విరగొచ్చు, పొడి చేసి నీళ్లలో వేయండి.

బొచ్చు గొరిగించేద్దామా అని చాలామంది అడుగుతారు. పైన పొడుగు బొచ్చు, కింద మెత్తటి ఉన్ని ఉన్న రెండు పొరల జాతులకి గొరిగించకండి, ఆ పై పొర ఎండ నుంచి కూడా కాపాడుతుంది, ఒక్కోసారి మళ్లీ సరిగ్గా మొలవదు. రోజూ దువ్వి రాలిన ఉన్ని తీసేస్తే చాలు, లోపలికి గాలి ఆడుతుంది.

8. వడదెబ్బ తగిలితే

ఇది చదివి పక్కన పెట్టేయకుండా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. వెట్ డాక్టర్ నంబరు, రాత్రిళ్లు తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు దాని కిందే రాయండి.

కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. ఒక డిజిటల్ థర్మామీటర్ దానికోసమే విడిగా పెట్టుకుని, మలద్వారం దగ్గర ఎలా చూడాలో మీ డాక్టరుని ఒకసారి చూపించమనండి. 40 దాటితే జాగ్రత్త పడాలి, 41 అంటే అత్యవసరం. థర్మామీటర్ లేకపోయినా గుర్తుపట్టొచ్చు: నీడలోకి తెచ్చినా ఆగని గట్టి రొప్పు, చిక్కటి చొంగ, చిగుళ్లు బాగా ఎర్రబడటం లేదా పాలిపోవడం, తూలడం, వాంతి, పడిపోవడం.

అప్పుడు ముందు చల్లబరచండి, ఆ తర్వాత బండి ఎక్కించండి. నీడలోకి తెచ్చి కుళాయి నీళ్లు ఒళ్లంతా పోస్తూనే ఉండండి, ముఖం మీద మాత్రం పోయకండి, ఫ్యాన్ వేయండి లేదా అట్టతో విసరండి. మరీ చల్లటి నీళ్లు పోయొచ్చా లేదా అని ఆలోచిస్తూ టైం పోగొట్టుకోవద్దు, దాని ఒంటికన్నా చల్లగా ఉన్న నీళ్లు ఏవైనా పనికొస్తాయి. తడి టవల్ కప్పి వదిలేయడం మాత్రం తప్పు, కాసేపటికి అదే వేడెక్కి దుప్పటిలా పని చేస్తుంది. స్పృహలో ఉంటే కొంచెం కొంచెం నీళ్లు తాగనివ్వండి, నోట్లో బలవంతంగా పోయకండి. వేడి 39.5 దగ్గరికి రాగానే నీళ్లు పోయడం ఆపండి. లేచి తోక ఊపినా సరే డాక్టరుకి చూపించాల్సిందే, మూత్రపిండాలకి, రక్తం గడ్డకట్టే తీరుకి జరిగిన నష్టం కొన్ని గంటల తర్వాత గానీ బయటపడదు.

9. సాయంత్రం

చిట్టి కోసం పెరట్లో ఒక లోతు లేని తొట్టి ఉంది, దాని మోకాళ్ల దాకా నీళ్లు పోస్తాను. సాయంత్రం వాడాక ఆ నీళ్లు రోజూ మొక్కలకి పోసేయండి, నిల్వ ఉంటే దోమలు గుడ్లు పెడతాయి, కుక్కల గుండెలో పెరిగే హార్ట్‌వార్మ్ పురుగు దోమకాటు వల్లే వస్తుంది. దానికి నెలనెలా వేసే మందు గురించి డాక్టరుతో మాట్లాడండి. తొట్టిలో నీళ్లున్నంతసేపు మీరు పక్కనే ఉండండి.

తర్వాత వరండా మెట్టు మీద కూర్చోండి. కొవ్వొత్తి పెట్టాలనిపిస్తే తోక తగలనంత ఎత్తులో, గాజు చిమ్నీ లోపల పెట్టండి, చిన్న లైట్ల తీగ అయితే దాని వైరు నోటికి అందకుండా పైన దూలానికి చుట్టేయండి. కుక్క తల ఒళ్లో పెట్టుకుని ముందు చెవుల లోపల, తర్వాత మెడపట్టీ కింద, చంకల్లో, చివరికి కాలివేళ్ల సందుల్లో పిడుదులున్నాయేమో వేళ్లతో తడిమి చూడండి. పిడుదు కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా తిన్నగా పైకి లాగండి, మెలిపెట్టకండి, నూనె పోయకండి, కాల్చకండి. చిట్టికి ఎడమ వెనక కాలు ముట్టుకుంటే నచ్చదు, అందుకని అది ఎప్పుడూ ఆఖరున చూస్తాను, అప్పటికి అది సగం నిద్రలో ఉంటుంది.